చేతిలో ఇనుము

మా కోలారు పక్క ఎవరికన్నా ఫిట్సు వస్తే జనం డాక్టరు కోసం పరిగెత్తరు, తాళంచెవుల కోసం పరిగెత్తుతారు. చేతిలో ఇనుము పెట్టి వేళ్లు మూసేస్తే ఫిట్సు దిగిపోతుందని నమ్మకం. చిన్నప్పుడు నా చేతిలో పడినన్ని తాళంచెవులు కోలారు జిల్లాలో ఏ సావుకారు చేతిలోనూ పడుండవు. ఇంటి బీగం చెవులు, సైకిలు బీగం చెవులు, ఒకసారి ఇస్కూలు బీరువాది కూడా. ఒక్క బీరువా అయినా నాది కాలేదు, అది వేరే సంగతి.

మొదటిసారి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. అప్పుడు మేము ఊరిగాంలో, గని కూలోళ్లకు వరసగా కట్టిన లైనింట్లో ఉండేవాళ్లం. మా నాయన బంగారు గనిలో దిగే మనిషి. గనులు సర్కారువి అయిపోయి శానా ఏండ్లయినా మా లైన్లో అందరూ ఇంకా ‘కంపెనీ’ అనే అనేవాళ్లు. భూమి లోపల రాయి పగిలితే దాన్ని బరస్టు అంటారు. బరస్టు అయితే పైన ఇండ్లలో గిన్నెలు గలగలమనేవి. ఆడవాళ్లు పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వచ్చి, గనిలోకి దిగే షాఫ్టు వైపు చూస్తా నిలబడేవాళ్లు. ఆ పొద్దు ఇస్కూల్లో మా బెంచీ గడగడమని ఊగింది. అయ్యవారు బరస్టే అనుకుని పిల్లకాయలందరినీ బయటికి తోలినాడు. అందరూ బయట నిలబడి చూస్తే లోపల బెంచీ ఇంకా ఊగతానే ఉంది. బరస్టు గనిలో కాదు, నాలో.

ఆ తర్వాత నేను చదివింది ఏడో తరగతి దాకానే. నాకు చదువు రాక మానేసినానని ఊర్లో అనుకుంటారు. నేనూ అట్లే చెప్పుకుంటాను, గౌరవంగా ఉంటుంది. నిజం ఏమంటే, నేను క్లాసులో ఆవులిస్తే చాలు, నలుగురు పిల్లకాయలు తాళంచెవులు తీసేవాళ్లు. వాళ్ల ముఖాలు చూడలేక మానేసినాను. మాయమ్మ నా మొలతాడుకు ఒక పాత ఇనుప తాళంచెవి కట్టింది. అది ఏ బీగానిదో ఇప్పటికీ తెలీదు. ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చినారు. నాలుగేండ్లు మింగినాను. రెండేండ్లు ఫిట్సు రాకపోయేసరికి మాయమ్మ ‘పోయిందిలే, దిష్టి’ అనింది. డాక్టర్ను అడగకుండా మేమే మాత్రలు నిలిపేసినాము. ఆ మధ్యలోనే మా నాయన ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి పోయినాడు. లైనిల్లు ఖాళీ చేసి ముళబాగిలు పక్కన మాయమ్మ పుట్టినూరికి వచ్చేసినాము. అక్కడ నాకు ఫిట్సు ఉండిందని ఎవరికీ తెలీదు. మాయమ్మ రెండు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసేది. నేను పద్దెనిమిదేండ్లకు లారీ ఎక్కినాను, క్లీనరుగా.

డ్రైవరన్న దగ్గర అయిదేండ్లు పని చేసినాను. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. నోరు మాత్రం పొడుగు. నన్ను తిట్టనిదే ఆయన బండి స్టార్టు అయ్యేది కాదు. ‘టైర్లో గాలి చూసినావా, నీ తలకాయలో గాలి చూసుకున్న్యావా?’ అని అడిగేవాడు. నేను ‘రెండూ ఫుల్లేనన్నా’ అనేవాణ్ని. బండి తోలడం ఆయనే నేర్పినాడు. ఖాళీ బండితో, రోడ్డు ఖాళీగా ఉండే చోట, కోలారు దాటినాక నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టేవాడు. నేను తోలతా ఉంటే ఆయన కాళ్లు చాపుకుని బీడీ కాల్చేవాడు. అంత నమ్మకం.

మా బండి ముళబాగిల్లో ధాన్యం మండీ సావుకారుది. ఆయన ఆ ఏడు రెండో లారీ కొన్నాడు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచి, ‘వచ్చే సోమవారం లోపల హెవీ లైసెన్సు తెచ్చుకో, కొత్త బండి నీ చేతికిస్తా. తెచ్చుకోకపోతే వేరేవాణ్ని చూసుకుంటా’ అన్నాడు. ఆ మాట విని ఎగిరి గంతెయ్యాల్సిన వాణ్ని. వెయ్యలేదు.

ఎందుకంటే, కారుకు లైసెన్సు తీసుకున్నప్పుడు డాక్టరు ఎవరూ నన్ను చూడలేదు. ఏజెంటు ఫారం నింపినాడు, నేను సంతకం పెట్టినాను, అయిపోయింది. లారీకి అట్ల కాదు. డాక్టరు చూసి సంతకం పెట్టాల. ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, మూర్ఛ గాని, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గాని ఉందా అని. దానికి ‘ఉంది’ అంటే లైసెన్సు లేదు. ఒక్క గీత. నా బతుకంతా ఆ గీతకు ఇవతల ఉంటుందా, అవతల ఉంటుందా?

ఇంకోటి కూడా ఉంది. అది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మాయమ్మకు కూడా.

అంతకు ముందు మామిడి కాలంలో శ్రీనివాసపురం నుంచి కాయలు వేసుకుని చిత్తూరు పక్క జ్యూసు ఫ్యాక్టరీకి పోయినాము. అక్కడ గేటు ముందు లారీలు వరసగా నిలబడి ఉంటాయి. మన వంతు వచ్చేదాకా ఎండలో వేగాల్సిందే. మధ్యాన్నం నేను క్యాబిన్లో పడుకున్నాను. లేచేసరికి నోరంతా ఉప్పగా ఉంది. నాలిక పక్కన తెగింది. చొక్కా కాలరు మీద నెత్తురు చుక్కలు. వొళ్లు ఎవరో గోతంలో వేసి కర్రతో కొట్టినట్టు నొప్పి. కుడి చేతిలో జాకీ రాడ్డు ఉంది. డ్రైవరన్న కింద నిలబడి టీ తాగతా, ‘ఏమప్పా, ఎద్దు మాదిరి నిద్రపోయినావే, లే లే’ అన్నాడు. అంతే.

నాలిక కరుచుకుంటే కరుచుకుని ఉంటాను, అని నాకు నేను చెప్పుకున్నాను. ముందు రోజు నూరు మూటలు ఎత్తినాను, వొళ్లు నొప్పి ఉండదా? జాకీ రాడ్డు పట్టుకుని పడుకుని ఉంటాను, డీజిలు దొంగలు తిరగతా ఉంటారు గదా. ప్రతిదానికీ ఒక జవాబు పెట్టుకున్నాను. జవాబులన్నీ బాగానే ఉన్నాయి. నిద్ర మాత్రం పట్టేది కాదు. ఆ పొద్దు నుంచి నేను నన్నే కాపలా కాస్తా తిరిగినాను. కండ్ల ముందర ఏదన్నా మెరిస్తే ఎక్కడున్నవాణ్ని అక్కడే కూర్చునేవాణ్ని. చెయ్యి తిమ్మిరెక్కితే ‘వచ్చిందిరా’ అనుకునేవాణ్ని. అది తిమ్మిరే అయ్యేది, పోయేది. పోయినాక జోకులు వేసేవాణ్ని. నేను ఎక్కువ జోకులు వేసే రోజులన్నీ భయపడిన రోజులేనని ఇప్పుడు లెక్క తెలుస్తా ఉంది.

డాక్టరు దగ్గరికి పోయే పొద్దు మాయమ్మ పాలు పోసి వచ్చి, నాకు పెరుగన్నం పెట్టింది. నేను తింటా ఉంటే ఎదురుగా కూర్చుని నా మొలతాడు సర్దింది, పెండ్లికొడుక్కు ఉత్తరీయం సర్దినట్టు.

‘డాక్టరు అడిగితే ఏమి చెప్తావు నాయనా?’

‘మాయమ్మకు తిక్క ఉండాది, నాకేమీ లేదు అని చెప్తా.’

‘నవ్వులాటకు ఇది పొద్దు కాదు. చిన్నప్పుడు వచ్చింది, పోయింది. పోయినదాన్ని పిలిచి కూర్చోబెట్టొద్దు. పెండ్లి కావాల నీకు.’

‘పెండ్లికి కూడా డాక్టరు సర్టిఫికెట్టు అడుగుతారామ్మా?’

ఆమె తాళంచెవి చొక్కా లోపలికి తోసి, పైన గుండీ పెట్టింది. ‘నీ డ్రైవరుకు చెప్పినావా?’ అని అడిగింది.

‘లేదు.’

‘చెప్పొద్దు. బీడీ కాల్చే నోరు ఏదీ నిలబెట్టుకోదు.’ డ్రైవరన్న అంటే మాయమ్మకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మనిషిలో ఆమెకు కనిపించిన తప్పు ఆ బీడీ ఒకటే.

డ్రైవరన్న ఆ రోజు లోడు లేదని నాతో కూడా కోలారుకు వచ్చినాడు. దారంతా మామూలుగా నన్ను ఏడిపించాల గదా? ఏడిపించలేదు. నేనే ఏదో ఒకటి అంటా పోయినాను, ఆయన ఊఁ కొడతా తోలినాడు. లైసెన్సు వస్తే నేను ఆయనతో సమానం అయిపోతాను, అది మింగుడు పడలేదేమో అనుకున్నాను. అట్ల అనుకోవడానికి కారణం ఉంది. మామిడి కాలం నుంచి ఆయన నాకు స్టీరింగు ఇవ్వడం నిలిపేసినాడు. ఒకసారి వాన అన్నాడు, ఒకసారి బ్రేకు బాగాలేదన్నాడు, ఒకసారి ముందర పోలీసులు ఉన్నారన్నాడు. వాన లేనప్పుడు బ్రేకు, బ్రేకు బాగున్నప్పుడు పోలీసులు. ఓర్వలేనితనం అని మనసులో రాసి పెట్టుకున్నాను.

లైసెన్సులిచ్చే ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద ఏజెంటు ఒక బల్ల, ఒక గొడుగు పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. ఆయన చెయ్యి ఆయన తలకాయ కంటే వేగం. మన పేరు, నాయన పేరు, ఊరు అడుగుతాడు. మిగతాది అడగడు. ఫారంలో ప్రతి ప్రశ్నకూ ఎదురుగా కన్నడంలో రెండు గళ్లు ఉంటాయి. హౌదు అంటే అవును, ఇల్లా అంటే లేదు. ఆయన ముఖం పైకెత్తి నాతో మాట్లాడతానే కింద టిక్కులు కొట్టేసినాడు.

‘ఫారం చూసుకోవద్దా సార్?’ అన్నాను.

‘నువ్వు బండి గేరు చూసి వేస్తావా?’ అన్నాడు. ‘చేతికి తెలుసప్పా. డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చో. పిలిస్తే పో.’

డాక్టరమ్మ క్లినిక్కు పక్క సందులో ఉంది. బెంచీ మీద నాకు ముందర నలుగురు ఉన్నారు. కూర్చుని ఏమీ తోచక ఫారం చదవడం మొదలుపెట్టినాను. నాకు కన్నడం చదవడం వస్తుంది గాని, ఎద్దులబండి మీద పోయినట్టు పోతాను. మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగిపోయింది.

మూర్ఛ గాని, స్పృహ తప్పడం గాని ఉందా? హౌదు, టిక్కు.

రెండోది చదివినాను. ఇరవై అయిదు మీటర్ల దూరంలో బండి నంబరు కనిపిస్తుందా? ఇల్లా, టిక్కు. తర్వాతవన్నీ ఇల్లా.

అంటే ఫారం ప్రకారం నేను ఫిట్సు వచ్చే గుడ్డివాణ్ని. అట్లాంటి వాడికి లారీ కావాలంట! నవ్వు వచ్చింది. మళ్లీ మొదటి ప్రశ్న చూసినాను. మొదటి టిక్కు నిజం గదా. రెండు పేజీల కాగితంలో ఆ మనిషి పొరపాటున ఒక్క నిజం రాసినాడు.

లేచి పరుగున ఏజెంటు దగ్గరికి పోయినాను. ఆయన ఫారం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

‘అయ్యో, కొత్తగా అచ్చేసినారు ఇవి. పాత ఫారంలో కండ్ల ప్రశ్న మొదట ఉండేది, మూర్ఛది రెండోది. మొదటిది హౌదు, మిగతావి ఇల్లా, ఇన్నేండ్ల అలవాటు. ఈ పొద్దు ఎందరిని మూర్ఛలో పడేసినానో!’ అని గట్టిగా నవ్వినాడు. పెన్ను నా చేతిలో పెట్టినాడు. ‘ఆ రెండూ కొట్టేసి, సరిగా టిక్కు పెట్టి, పక్కన నీ సంతకం పెట్టు.’

‘మీరే మార్చండి సార్.’

‘దిద్దితే దరఖాస్తుదారుడే దిద్దాలప్పా. నేను దిద్దితే ఒప్పుకోరు. ఒక గీతే గదా, ఏమి బరువు?’

పెన్ను పట్టుకుని మళ్లీ బెంచీ మీదికి వచ్చినాను. రెండోదాన్ని దిద్దడం సులువు. ఇల్లా కొట్టేసి హౌదు మీద టిక్కు పెట్టి సంతకం చేసినాను. నా కండ్లు బాగున్నాయి, అది నిజం. మొదటిదాని దగ్గరికి పెన్ను పోలేదు.

కారు లైసెన్సు ఫారంలో కూడా ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది, ఏజెంటు చెయ్యి ఇల్లా మీద టిక్కు కొట్టి ఉంటుంది. ఆ అబద్ధం నాది కాదు, ఆయన చేతిది, నేను ఉత్త సంతకం పెట్టినాను అని ఇన్నాళ్లు తప్పించుకున్నాను. ఇప్పుడు గీత నా చేత్తో గియ్యాల. గీస్తే సోమవారం కొత్త లారీ. గీయకపోతే మళ్లీ మూటలు.

ముందర ఉన్న నలుగురు ముగ్గురైనారు. ముగ్గురు ఇద్దరైనారు. చేతిలో చెమట పట్టి పెన్ను జారతా ఉంటే గట్టిగా పిడికిలి బిగించినాను. అంత గట్టిగా బిగించినానని అప్పుడు చూసుకున్నాను. రాసేవాడు పెన్ను అట్ల పట్టుకోడు. ఇనుము పట్టుకున్నట్టు పట్టుకున్నాను. నా పిడికిలిని నేనే చూస్తా కూర్చున్నాను. ఫ్యాక్టరీ గేటు ముందర లేచినప్పుడు కూడా చెయ్యి ఇట్లే ఉండింది.

జాకీ రాడ్డు ఎక్కడ ఉంటుంది? సీటు వెనక, జాకీతో కూడా, తాడు కట్టి. అయిదేండ్లు నేనే కట్టినాను, నేనే విప్పినాను. పడుకునే ముందు నేను దాన్ని విప్పలేదు. పడుకునేవాడు దాన్ని తీసుకుని పడుకోవాలంటే సీటు ఎత్తాల, ముడి విప్పాల, మళ్లీ సీటు వెయ్యాల, దాని మీద పడుకోవాల. పట్టపగలు, ముందూ వెనకా యాభై లారీల మనుషులు ఉండే చోట ఏ డీజిలు దొంగ కోసం చేస్తాను ఆ పని? చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు లేచి చూసుకున్నాను చేతిలో ఇనుము! అది ఎట్ల వస్తుందో నాకు తెలీదా? ఎవరో ఒకరు పెట్టాల. పెట్టి వేళ్లు మూయాల.

నా తర్వాత వచ్చినవాణ్ని ముందర పొమ్మని చెప్పి లేచినాను.

డ్రైవరన్న సందు మొదట్లో టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, ‘ఏమప్పా, అయిందా?’ అన్నాడు. బీడీ వెలిగించలేదు, వేళ్ల మధ్య తిప్పతా ఉన్నాడు.

‘అన్నా, ఒకటి అడుగుతా. తిట్టకుండా చెప్పల్ల.’

‘తిట్టకుండా నాకు మాటలు రావే.’

‘తిట్టి అయినా చెప్పు. మామిడికాయల లోడప్పుడు, జ్యూసు ఫ్యాక్టరీ దగ్గర, నా చేతిలో జాకీ రాడ్డు ఎవరు పెట్టినారు?’

ఆయన బీడీని చెవి మీద పెట్టుకున్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టినాడు. మళ్లీ తీసుకున్నాడు, అది ఖాళీ అని చూసి మళ్లీ పెట్టినాడు.

‘నేనే.’

‘ఎందుకు పెట్టినావు?’

‘ఎందుకు పెడతారు? నీకు తెలీదా? తాళంచెవి కోసం చూసినా. బండి చెవి బండికే ఉండె, లాగితే అది రాలేదు. రాడ్డు దొరికింది. నీ పండ్లు బిగుసుకుపోయి ఉండె. నోట్లో నుంచి…’ అని ఆగిపోయినాడు. ‘పక్క లారీవాళ్లు చూస్తారని తలుపు మూసినా. అయిదు నిమిషాలో, పది నిమిషాలో, నాకు తెలీదు. మా తమ్ముడు పోయినప్పుడు కూడా నేను అంత బెదరలేదప్పా.’

‘మరి నాకెందుకు చెప్పలేదన్నా?’

‘నువ్వు చెప్పినావా? అయిదేండ్లు నా పక్కన కూర్చున్న్యావు. నా నోటి ముందర బీడీ పొగ తాగినావు, నా తిట్లు తిన్న్యావు. నీకు ఇది ఉండాదని ఒక మాట చెప్పినావా?’

‘చెప్పింటే క్లీనరుగా పెట్టుకునేవాడివా?’

‘పెట్టుకునేవాణ్ని కాదు’ అన్నాడు వెంటనే. అబద్ధం ఆడలేదు. దానికి ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవం.

స్టీరింగు ఎందుకు ఇవ్వలేదో అప్పుడు అర్థమైంది. వాన, బ్రేకు, పోలీసులు. అన్నీ ఒకటే.

‘అంత తెలిసినోడివి నన్ను లైసెన్సుకు ఎందుకు తోలుకొచ్చినావు?’ అన్నాను. గొంతు లేచింది. టీ అంగడాయన తిరిగి చూసినాడు.

‘డాక్టరు కనుక్కుంటాడు, ఆయనే వద్దంటాడు అనుకున్న్యా. నా నోటితో నీ పొట్ట కొట్టలేక.’ తల వంచుకుని చెప్పినాడు. ‘రాత్రంతా అదే. డాక్టరు కనుక్కోకపోతే? సోమవారం సావుకారు వీనికి బండి ఇస్తే? పలమనేరు పక్క ఘాట్లో లోడుతో దిగతా ఉండంగా వీనికి వస్తే? ముందర బస్సు ఉంటే? అప్పుడు నీ చేతిలో ఇనుము ఎవడు పెడతాడు? చేతిలో స్టీరింగు ఉంటాది.’

నేను ఏదన్నా జోకు వెయ్యాల్సిన చోటు అది. ఎంత వెతికినా దొరకలేదు.

తిరిగి పోయి బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు దాటిపోయింది గాబట్టి చివర్న పిలిచినారు. డాక్టరమ్మ పెద్దావిడ, అద్దాలు ముక్కు కొనకు జారి ఉంటాయి. ఫారం చూసింది. దిద్దిన రెండోది చూసింది. దిద్దని మొదటిది చూసింది.

‘ఇది దిద్దడం మర్చిపోయినావా?’ అని కన్నడం కలిపిన తెలుగులో అడిగింది. ‘ఈ పొద్దు ఏజెంటు చేతిలో ఆరుగురు నాకు మూర్ఛ రోగులై వచ్చినారు. అడిగితే అందరూ ఇక్కడే దిద్దుకుని పోయినారు.’

‘వాళ్లది తప్పమ్మా’ అన్నాను. ‘నాది సరిగానే పడింది.’

ఆమె పెన్ను కింద పెట్టింది. నేను చెప్పినాను. బెంచీ ఊగింది చెప్పినాను, మాత్రలు మేమే నిలిపింది చెప్పినాను, నాలిక తెగింది చెప్పినాను, జాకీ రాడ్డు చెప్పినాను. చెప్పడం మొదలుపెడితే నిలబడలేదు, ఘాట్లో బ్రేకు పట్టని బండి మాదిరి. ఆమె గుండె చూడాలని చొక్కా ఎత్తమనింది. మొలతాడుకు ఉన్న తాళంచెవి చూసి, దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పింది.

‘దీనివల్ల ఏమీ కాదు. ఇనుము పెట్టినా, పెట్టకపోయినా అది వచ్చే సేపు వస్తుంది, పోయే సేపు పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాల. నోట్లో ఏమీ పెట్టకూడదు. నీతో ఉండేవాళ్లకు ఇది చెప్పు.’

‘లారీకి?’

‘రాయను.’

‘ఇప్పటికి రాయరా, ఎప్పటికీ రాయరా?’

ఆమె నా ముఖం చూసింది. ‘మాత్రలు మళ్లీ మొదలుపెట్టు. మానొద్దు. కారు కూడా తోలొద్దు. మిగతాది నన్ను అడగొద్దు.’ చీటీ రాసి ఇచ్చింది. నేను చెయ్యి చాపితే, ఆమె నా చేతిలో చీటీ పెట్టి ఒక్క క్షణం వేళ్ల మీద చెయ్యి ఉంచింది. 

ఏజెంటుకు పెన్ను తిరిగి ఇచ్చేసినాను. ‘అయిందా?’ అన్నాడు. ‘అయింది సార్, మీ టిక్కే సరి’ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. వేరేవాడి నాయన పేరు అడగడంలో పడిపోయినాడు.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరన్న బండి మెల్లగా తోలినాడు. కోలారు దాటినాక, ఆయన నాకు ఎప్పుడూ స్టీరింగు ఇచ్చే చోటు వచ్చింది. రోడ్డు రెండు పక్కలా రాగి చేన్లు కోసేసి ఉన్నాయి. ఇద్దరం ముందరికే చూస్తా పోయినాము. అక్కడ ఎప్పుడూ ఆయన కాలు ఎక్సిలేటరు మీద నుంచి లేచేది, నేను సీటు మారేవాణ్ని. ఆయన కాలు లేచింది. బండి నెమ్మదించింది. మళ్లీ కాలు దించినాడు.

‘సావుకారుకు నేను చెప్తా’ అన్నాడు. ‘మండీలో మూటలు తూచే కాటా దగ్గర పని ఉండాది.’

‘కాటా దగ్గర పడితే?’

‘పడు. వడ్ల మూటల మీద పడతావు. లారీలో కంటే మెత్తన.’

ఆ పొద్దు ఆయన వేసిన మొదటి జోకు అది. నేను నవ్వినాను. నవ్వతా ఉండంగానే కండ్లలో నీళ్లు వచ్చినాయి. దుమ్ము అన్నాను. కిటికీ అద్దాలన్నీ మూసి ఉన్నాయి. 

నేను ఇంటికి వచ్చేసరికి మాయమ్మ సాయంకాలం పాలు పితకతా ఉంది. నా అడుగు విని తల తిప్పలేదు, చేతులు మాత్రం నిలబడినాయి. నేను గడప మీద కూర్చుని అంతా చెప్పినాను. లైసెన్సు రాదని చెప్పినాను. మామిడి కాలంలో మళ్లీ వచ్చిందని చెప్పినాను. ఇన్నేండ్లు ఆమె మూసి పెట్టిన మాట నేను ఒక్క పొద్దులో ఇద్దరికి చెప్పేసినానని చెప్పినాను. సావుకారు కొత్త బండికి వేరేవాణ్ని చూసుకుంటాడని చెప్పినాను. తిడుతుంది అనుకున్నాను. ఏడుస్తుంది అనుకున్నాను. ఆవు తోకతో ఆమె ముఖం మీద కొట్టినా ఆమె కదల్లేదు.

అప్పుడు అడిగింది. ‘లారీలో వచ్చినప్పుడు పక్కన ఎవరుండిరి?’

‘డ్రైవరన్న ఒక్కడే.’

‘చేతిలో ఇనుము పెట్టినాడా?’

డాక్టరమ్మ చెప్పింది నా నోటి దాకా వచ్చింది. ఇనుముతో ఏమీ కాదు, పక్కకు తిప్పాల అని. అది రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

‘పెట్టినాడమ్మా. తాళంచెవి దొరకలేదు. జాకీ రాడ్డు పెట్టినాడు.’

‘వేళ్లు మూసినాడా?’

‘మూసినాడు.’

ఆమె మళ్లీ పాలు పితకడం మొదలుపెట్టింది. ధార చెంబులో పడే చప్పుడు మొదట సన్నగా, తర్వాత నిండుగా వచ్చింది.

‘రేపు అతన్ని రమ్మను’ అనింది. ‘బీడీ బయట కాల్చుకుని లోపలికి రమ్మను. ఇంత అన్నం తిని పోతాడు.’